క్లాట్ ఇంగ్లీషుకు పదసంపద: జూన్‌లో మొదలుపెట్టి డిసెంబరు దాకా ఏం చేయాలి, ఏ వరసలో చేయాలి

ఇంటర్ చదువుతూ, జాతీయ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష అయిన క్లాట్ రాయాలనుకునే పిల్లలు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటే. "వొకాబులరీకి ఏ లిస్టు బట్టీ కొట్టాలి?"

ఏ లిస్టూ వద్దు. నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు మూడు వేల మాటల లిస్టు కొని 'ఎ' అక్షరం నుంచి మొదలుపెట్టాను. 'సి' దాటలేదు. ఇప్పటికీ 'అబేట్', 'అబ్‌హార్' లాంటివి నిద్రలో లేపి అడిగినా చెబుతాను. 'డి' నుంచి వచ్చేవన్నీ తర్వాత చదువుతూ నేర్చుకున్నవే. ఈ మార్గదర్శి ఆ రెండో దారి గురించి.

ముందే ఒక మాట. ఇక్కడ ఇంగ్లీషు పదాలన్నీ తెలుగు లిపిలోనే ఉన్నాయి. ప్రతి మాటకూ డిక్షనరీ తీసి, స్పెల్లింగ్ చూసి నోట్‌బుక్‌లో ఎక్కించుకోండి. మీ మొదటి హోంవర్క్ అదే.

1. పరీక్ష ఏం అడుగుతుందో ముందు చూడండి

క్లాట్ యూజీలో 120 ప్రశ్నలు, 2 గంటలు. తప్పు జవాబుకు పావు మార్కు పోతుంది. ఇంగ్లీషుకు 22 నుంచి 26 ప్రశ్నలు వస్తాయి. సుమారు 450 పదాల ప్యాసేజీ ఇచ్చి దాని మీదే అడుగుతారు. అది వ్యాసం కావచ్చు, కథలో ముక్క కావచ్చు.

కాబట్టి "ఈ పదానికి అర్థం ఏమిటి" అని కాకుండా, "ఈ పేరాలో ఈ మాటను రచయిత ఏ అర్థంలో వాడాడు" అని అడుగుతారు. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది.

ఇంకో సంగతి. లీగల్ రీజనింగ్, లాజికల్ రీజనింగ్, కరెంట్ అఫైర్స్ కూడా ప్యాసేజీలే. అక్కడ మాట అర్థం కాకపోతే లాజిక్ ఎంత బాగున్నా ప్రశ్న పోతుంది. 24 మార్కుల కోసం చేసే పని అనుకోకండి.

2. సరంజామా: ఒక్క ఆదివారం చాలు

- ఒక ఇంగ్లీషు–ఇంగ్లీషు డిక్షనరీ. విద్యార్థుల కోసం సులువైన మాటల్లో అర్థం రాసినదే తీసుకోండి. ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు పక్కన ఉండొచ్చు, కానీ దాని వంతు రెండోది.
- అట్ట కార్డులు ఓ వెయ్యి. కొననక్కర్లేదు. ఇంట్లో పేరుకుపోయిన పెళ్లి శుభలేఖలు కత్తిరిస్తే వెనకవైపు ఖాళీగా ఉంటుంది. సరిపోతుంది.
- చెప్పుల పెట్టె ఒకటి, లోపల ఐదు అరలు.
- రోజూ ఒక ఇంగ్లీషు దినపత్రిక, ఒక తెలుగు దినపత్రిక. ఇంటికి వేయించుకోలేకపోతే ఊళ్ళో గ్రంథాలయంలో దొరుకుతాయి.
- క్లాట్ పాత ప్రశ్నపత్రాలు. పరీక్ష పెట్టే లా యూనివర్సిటీల కన్సార్షియం వెబ్‌సైట్‌లోనే ఉంటాయి.

ఫోన్‌లో చేసుకునేవాళ్ళకు అంకి అనే యాప్ ఉంది, ఆండ్రాయిడ్‌లో ఉచితం. కానీ రెసిడెన్షియల్ కాలేజీల్లో ఫోన్ దగ్గర ఉంచుకోనివ్వరు. పైగా అంకి తెరిచిన చెయ్యి రీల్స్ వైపు పోవడానికి ఎంతోసేపు పట్టదు. నా ఓటు కాగితానికే.

3. చదివే వరస: ముందు తెలుగు, తర్వాత ఇంగ్లీషు

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళు ఇంగ్లీషు సంపాదకీయం తెరవగానే రెండో పేరాలో ఆగిపోతారు. కారణం మాటలు రాకపోవడం ఒక్కటే కాదు. విషయమూ కొత్తదే, మాటలూ కొత్తవే. రెండు బరువులు ఒకేసారి మోయలేం.

అందుకని ఇలా చేయండి.

ముందు తెలుగు పత్రికలో ఒక అంశం మీద సంపాదకీయం చదవండి. గవర్నర్ల అధికారాలు కావచ్చు, నదీజలాల పంపకం కావచ్చు. తర్వాత అదే అంశం మీద ఇంగ్లీషు పత్రిక రాసినది తీయండి. ఒకే రోజు దొరక్కపోతే రెండు మూడు రోజుల తేడాలో తప్పకుండా దొరుకుతుంది.

ఇప్పుడు వాదన మీకు ముందే తెలుసు. "రాష్ట్రాల హక్కులను హరించడమే" అని తెలుగులో చదివి ఉంటే, ఇంగ్లీషులో 'యూసర్ప్' కనబడగానే సగం అర్థం అదే తడుతుంది. ఇలా తట్టిన మాట డిక్షనరీలో చూసిన మాట కన్నా గట్టిగా నిలుస్తుంది.

మొదటిసారి చదివేటప్పుడు డిక్షనరీ ముట్టుకోవద్దు. పెన్సిల్‌తో గీతలు మాత్రమే పెట్టండి. రెండోసారి ప్రతి గీత పక్కనా మీ ఊహ తెలుగులో రాయండి. మూడోసారి మాత్రమే డిక్షనరీ తీయండి. ఊహ తప్పినా నష్టం లేదు. తప్పిన ఊహే బాగా గుర్తుంటుంది.

వారానికి రెండు రోజులు సంపాదకీయం బదులు ఇంగ్లీషు కథ ఒకటి చదవండి. కథల్లో మనుషుల తీరును, మూడ్‌ను చెప్పే మాటలు పత్రికల్లో అంతగా తగలవు.

4. ఏ మాట ఏరాలి, ఏది వదలాలి

గీత పెట్టిన ప్రతి మాటా కార్డుకెక్కితే వారంలో పెట్టె నిండుతుంది, మీరు మానేస్తారు. రోజుకు ఎనిమిది చాలు.

ఏరాల్సినవి:

- వేరు వేరు చోట్ల రెండోసారి ఎదురైన మాట
- వాక్యం మొత్తం అర్థాన్ని తిప్పేసే మాట
- తెలుసనుకున్నా ఇక్కడ అర్థం కుదరని మాట

వదలాల్సినవి: పక్షులు, మొక్కలు, ఓడ భాగాల పేర్లు. లాటిన్ లా పదాలు కూడా ఇప్పుడు వద్దు. క్లాట్‌కి ముందుగా న్యాయశాస్త్రం తెలిసి ఉండాలన్న నియమం లేదు. అవి లా కాలేజీలో చేరాక ఎలాగూ తప్పవు.

5. కార్డు ఎలా రాయాలి

ముందువైపు: మాట దొరికిన వాక్యం మొత్తం, ఆ మాట కింద గీత. ఒంటరి మాట రాయొద్దు.

వెనకవైపు ఐదు సంగతులు:

1. పలుకు. ఏ అక్షరం మీద ఒత్తు పడుతుందో గుర్తు పెట్టండి.
2. సులువైన ఇంగ్లీషులో అర్థం, దాని కింద తెలుగు.
3. మంచి ఛాయ ఉంటే కూడిక గుర్తు, చెడ్డ ఛాయ ఉంటే తీసివేత గుర్తు, ఏదీ లేకపోతే సున్నా.
4. పక్కన వచ్చే మాటలు రెండు మూడు.
5. మీ సొంత వాక్యం.

నాలుగోది చాలామంది వదిలేస్తారు. అక్కడే దెబ్బ తింటారు. తెలుగులో మనం బట్టలు ఉతుకుతాం, గిన్నెలు తోముతాం, కాళ్ళు కడుగుతాం. ఎవరైనా "బట్టలు తోమాను" అంటే అర్థమవుతుంది కానీ నవ్వొస్తుంది. ఇంగ్లీషు మాటలకూ అలాంటి జతలే ఉంటాయి. 'మిటిగేట్' అంటే తగ్గించడం అని రాసుకుని ఊరుకుంటే, రేపు మీరు ధరలను, బరువును కూడా మిటిగేట్ చేసేస్తారు. దాని పక్కన రావాల్సినవి రిస్క్, డ్యామేజ్, లాస్ లాంటివి. జత తెలిస్తే అర్థం దానంతటదే బిగుసుకుంటుంది.

ఐదోది, సొంత వాక్యం, మీ ఇంటి గురించో హాస్టల్ గురించో ఉండాలి. 'పార్సిమోనియస్' (ఖర్చుకు చెయ్యి రాని) అనే మాటకు నా విద్యార్థి ఒకడు హాస్టల్ మెస్‌లో పప్పు వడ్డించే చెయ్యి గురించి వాక్యం రాశాడు. ఆ మాట వాడు ఈ జన్మలో మరిచిపోడు.

6. మొదటి రెండు నెలలు: తెలిసిన మాటలే మళ్ళీ నేర్చుకోండి

కొత్త కష్టమైన మాటలతో మొదలుపెట్టాలని అందరికీ ఆత్రం. అసలు మార్కులు పోయేది తెలుసనుకున్న మాటల దగ్గర. వీటిలో రెండు రకాలున్నాయి.

*మొదటి రకం: తెలుగులో స్థిరపడి దారి మార్చుకున్నవి*

డౌట్. మనకు "సార్, డౌట్" అంటే ప్రశ్న అడగాలని. ఇంకొన్నిసార్లు 'అనుమానం', అంటే అలా అయ్యుంటుందేమో అని. కానీ ప్యాసేజీలో "ఐ డౌట్ దట్ హి విల్ కమ్" అంటే "వస్తాడని నాకు నమ్మకం లేదు" అని. దీన్ని తలకిందులుగా చదివి, రచయిత ఒప్పుకుంటున్నాడని జవాబు పెట్టేవాళ్ళను చాలామందిని చూశాను.

సెంటిమెంట్. మనకది అచ్చొచ్చిన చొక్కా, లేకపోతే సినిమాలో అమ్మ సీను. ఇంగ్లీషులో 'పబ్లిక్ సెంటిమెంట్' అంటే జనాభిప్రాయం.

శాంక్షన్. లోను శాంక్షన్ అయిందంటే మంజూరు. అంతర్జాతీయ వార్తల్లో అదే మాట ఆంక్ష. చట్టం గురించి రాస్తే శిక్ష కూడా కావచ్చు. ఒకే మాటకు రెండు ఎదురెదురు అర్థాలు. పేరా చూడకుండా జవాబు పెట్టలేరు.

ఫంక్షన్, ఫీల్, కవర్ లాంటివి మీరే ఏరుకోండి. ఇంట్లో ఒక గంట మాటలు వింటే పాతిక దొరుకుతాయి.

*రెండో రకం: రెండో అర్థం దాచుకున్నవి*

- క్వాలిఫై: పరీక్షలో అర్హత సాధించడమే కాదు, పరిమితి విధించడం కూడా. 'క్వాలిఫైడ్ సపోర్ట్' అంటే షరతులతో కూడిన మద్దతు. "అర్హులైనవారి మద్దతు" కాదు.
- చెక్, అరెస్ట్: రెండూ ఆపడమే. పతనాన్ని కూడా 'అరెస్ట్' చేయొచ్చు.
- అడ్రెస్: సమస్యను పట్టించుకుని పరిష్కారానికి పూనుకోవడం.
- నావెల్: విశేషణంగా వస్తే కొత్తదని.
- కరెన్సీ: ఒక అభిప్రాయానికి 'కరెన్సీ' ఉందంటే అది జనంలో చలామణీలో ఉందని. మన 'చలామణీ'కీ ఈ రెండు అర్థాలూ ఉన్నాయి, గమనించారా?
- వాంట్: 'ఫర్ వాంట్ ఆఫ్ ఎవిడెన్స్' అంటే సాక్ష్యం లేక. కోరిక ఊసే లేదు.
- ఎంటర్‌టెయిన్: కోర్టు పిటిషన్‌ను 'ఎంటర్‌టెయిన్' చేయలేదంటే విచారణకు స్వీకరించలేదని.
- కన్విక్షన్: నేరం రుజువు కావడం, లేదా గట్టి నమ్మకం.
- టెంపర్: క్రియగా వస్తే తీవ్రత తగ్గించడం.
- సస్టెయిన్: నిలబెట్టడం ఒకటి, గాయాల పాలవడం ఇంకొకటి.

ఈ రకం మాటలు 150 దాకా సొంతంగా ఏరి కార్డులు చేయండి. జూన్, జూలై రెండు నెలలూ దీనికే ఇచ్చినా నష్టం లేదు.

7. ఆగస్టు నుంచి: మాటలను మెట్ల మీద పేర్చండి

తెలుగులో చిరునవ్వు, ముసిముసి నవ్వు, ఇకిలింపు, వికటాట్టహాసం అన్నీ నవ్వులే. ఒకదాని బదులు ఇంకొకటి వాడితే గొడవైపోతుంది. "కాలం చేశారు" అనాల్సిన చోట "చచ్చాడు" అంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. సినోనిమ్ లిస్టులు చేసే అన్యాయం ఇదే. అన్నింటినీ ఒకే గాటన కట్టేస్తాయి.

కాగితం మీద నిలువు గీత గీయండి. పైన మెప్పు, కింద తిట్టు. డబ్బు జాగ్రత్తగా ఖర్చు పెట్టేవాణ్ణి తీసుకుంటే:

- థ్రిఫ్టీ: పొదుపరి, మెప్పు
- ఫ్రూగల్: ఆడంబరం లేనివాడు, మెప్పు వైపే
- పార్సిమోనియస్: చెయ్యి రానివాడు, తిట్టు వైపు
- మైజర్లీ: పిసినారి, పూర్తి తిట్టు

ఇలాంటి మెట్లు ముప్పై చేయండి. పట్టుదల–మొండితనం, ధైర్యం–తెగింపు, పొగడ్త–భజన, మాటకారితనం–వాగుడు... ఈ జంటలు మన భాషలో ముందే ఉన్నాయి. ఇంగ్లీషు మాటలను వాటి పక్కన కూర్చోబెట్టడమే పని.

రచయిత ధోరణి అడిగే ప్రశ్నలకు విడిగా ఒక కాగితం కావాలి. స్కెప్టికల్ అంటే రుజువు చూపిస్తే నమ్ముతాను అనేవాడి ధోరణి. సినికల్ అంటే అందరూ స్వార్థపరులే అనేవాడిది. ఆంబివలెంట్ అంటే రెండు వైపులా మనసు లాగడం, ఇండిఫరెంట్ అంటే అసలు పట్టనితనం. ఈ చివరి రెండింటినీ ఒకటే అనుకోవడం చాలా మామూలు పొరపాటు. ఐరానిక్ ధోరణి పట్టాలంటే మన వ్యాజస్తుతి గుర్తు తెచ్చుకోండి. పైకి పొగడ్త, లోపల చురక.

8. ధాతువులు: గుర్తు పెట్టుకోవడానికి, ఊహించడానికి కాదు

ఆహారం, విహారం, సంహారం, పరిహారం. ధాతువు ఒకటే, ముందు చేరిన ఉపసర్గ వేరు. ఇంగ్లీషులోనూ లాటిన్, గ్రీకు మూలాలతో ఇదే పద్ధతి. క్లాట్‌కి పనికొచ్చేవి కొన్ని:

- డిక్ట్ (పలకడం): కాంట్రడిక్ట్, ఎడిక్ట్, వర్డిక్ట్
- వెర్ (సత్యం): వెరిఫై, వెరాసిటీ. వర్డిక్ట్‌లో ఉన్నదీ ఇదే, సత్యం పలకడం.
- క్రెడ్ (నమ్మకం): క్రెడిబుల్, క్రెడ్యులస్, క్రీడెన్స్
- జ్యూర్ (చట్టం, ప్రమాణం): జ్యూరిస్‌డిక్షన్, పర్జురీ
- మాల్ (చెడు): మాలిస్, మాలైన్
- బెనె (మంచి): బెనెవొలెంట్, బెనెఫాక్టర్

పాతిక మూలాలు చాలు. అంతకు మించితే లాభం తక్కువ.

అయితే 'హారం' తెలిసినంత మాత్రాన ఆహారానికీ సంహారానికీ తేడా ఊహించగలమా? ఇక్కడా అంతే. 'ఎనర్వేట్' అంటే ఎనర్జీ ఇవ్వడం కాదు, నీరసింపజేయడం. 'ఇన్‌వాల్యుయబుల్' అంటే విలువ లేనిది కాదు, వెల కట్టలేనిది. 'నాయిసమ్'కీ చప్పుడుకీ సంబంధం లేదు, అది దుర్వాసన లాంటి అసహ్యం. 'డిస్‌ఇంటరెస్టెడ్' జడ్జి అంటే కేసు మీద ఆసక్తి లేనివాడు కాదు, స్వప్రయోజనం లేని నిష్పక్షపాతి. జడ్జి అలాగే ఉండాలి కూడా.

9. పెట్టె లెక్క

ఐదు అరలకు ఐదు గడువులు: 1 రోజు, 3 రోజులు, 7 రోజులు, 15 రోజులు, 30 రోజులు.

కొత్త కార్డు మొదటి అరలో. గడువు రోజున తీసి వాక్యం చదివి, వెనక్కి తిప్పకుండా అర్థం, జత మాటలు పైకి చెప్పాలి. చెప్పగలిగితే తర్వాతి అరకు పోతుంది. చెప్పలేకపోతే, ఏ అరలో ఉన్నా మొదటి అరకే. వైకుంఠపాళిలో పాము మింగినట్టే. అలా మూడుసార్లు వెనక్కొచ్చిన కార్డును చింపేసి, కొత్త వాక్యంతో మళ్ళీ రాయండి. తప్పు మీ బుర్రది కాదు, ఆ వాక్యానిది.

రోజుకు 25 నిమిషాలు మించదు. బస్సులో పది, అన్నం ముందు పదిహేను అని విడగొట్టుకున్నా పర్వాలేదు.

10. వారం ఎలా నడవాలి

- సోమ–శుక్ర: చదవడం 40 నిమిషాలు, కొత్త కార్డులు ఎనిమిది, పెట్టె 25 నిమిషాలు.
- శనివారం: కొత్తవి వద్దు. ఆ వారం మాటల్లో పది వాడి 150 పదాల పేరా రాయండి. ఇంగ్లీషు బాగా వచ్చిన ఎవరికైనా చూపించి, "ఎక్కడ ఎబ్బెట్టుగా ఉంది" అని మాత్రమే అడగండి.
- ఆదివారం: పాత పేపర్లోంచి ఇంగ్లీషు ప్యాసేజీలు రెండు, టైము పెట్టుకుని.

రోజుకు ఎనిమిది, వారానికి ఐదు రోజులు, 24 వారాలు అంటే 960 మాటలు. అన్నీ నిలవవు. ఆరేడు వందలు నిలిచినా, పేరాలో కొత్త మాట తగిలితే తడబడని స్థితికి వస్తారు.

11. తరచూ జరిగే తప్పులు

జంట మాటలు కలిసిపోవడం. 'ప్రిస్క్రైబ్' అంటే ఇలా చేయాలని నిర్దేశించడం, 'ప్రోస్క్రైబ్' అంటే నిషేధించడం. 'జ్యుడీషియల్' కోర్టుకు సంబంధించినది, 'జ్యుడీషియస్' వివేకంతో కూడినది. 'ఎమినెంట్' ప్రముఖుడు, 'ఇమినెంట్' ముంచుకొస్తున్నది. వీటిని ఒకే కార్డు మీద రాయొద్దు. ఒకటి మూడో అర చేరాకే రెండోది మొదలుపెట్టండి. రెండూ ఒకేరోజు నేర్చుకుంటే జన్మంతా తికమకే.

ఒకేలా పలికేవి. 'డిస్క్రీట్' రెండు స్పెల్లింగులతో ఉంది. రెండు 'ఇ'లు పక్కపక్కనే అంటుకుని ఉంటే గుట్టుగా అని. మధ్యలో 'టి' దూరి వాటిని విడదీస్తే విడివిడిగా అని.

వారం మానేసి, ఆదివారం నలభై కార్డులు రాయడం. ఇంట్లో పెళ్లి, జ్వరం, ప్రాక్టికల్స్ ఏవైనా రావచ్చు. ఆ రోజుల్లో కొత్తవి ఆపండి, పెట్టె మాత్రం ఆపొద్దు. మానేసిన వాటిని పూడ్చడానికి పరిగెత్తొద్దు.

తెలుగు అర్థం ఒక్కటే రాసుకోవడం. 'రిలక్టెంట్', 'అవర్స్' రెండింటికీ 'ఇష్టపడని' అని రాస్తే రెండూ ఒకటైపోతాయి. మొదటిది వెనకాడడం, రెండోది గట్టి అయిష్టం.

12. నవంబరు, ఆ తర్వాత పరీక్ష హాలు

నవంబరు రెండో వారం నుంచి రోజుకు మూడు కొత్త మాటలే. ఆఖరి రెండు వారాలు అవి కూడా వద్దు. మొదటి రెండు అరల్లో మిగిలినవాటితోనే గడపండి.

ప్రశ్న ముందు కూర్చున్నప్పుడు వరస ఇది:

1. ఆప్షన్లు చూడకుండా ప్యాసేజీలోని వాక్యానికి వెళ్ళండి. దాని ముందు వాక్యం, వెనక వాక్యం కూడా చదవండి.
2. ఆ మాటను వేలితో మూసి, అక్కడ తెలుగులో ఏ మాట పెడితే సరిపోతుందో అనుకోండి.
3. దానికి కూడిక గుర్తా, తీసివేత గుర్తా తేల్చుకోండి. గుర్తు కుదరని ఆప్షన్లు కొట్టేయండి.
4. మిగిలినవాటిని ఒక్కొక్కటీ వాక్యంలో పెట్టి చదవండి.
5. అందరికీ తెలిసిన మొదటి అర్థమే ఆప్షన్‌గా కనబడితే ఒక్క క్షణం ఆగండి. ఎర అక్కడే వేస్తారు.

ఒక ఉదాహరణ: కమిటీ ఆ పథకాన్ని సమర్థించింది, కానీ మూడు అభ్యంతరాలు కూడా చెప్పింది. కాబట్టి దాని సమర్థన 'క్వాలిఫైడ్'. ఆప్షన్లు: నిపుణులు ఇచ్చినది, పరిమితమైనది, ఏకగ్రీవమైనది, అధికారికమైనది. వేలితో మూస్తే తెలుగులో వచ్చే మాట "అరకొర". దానికి దగ్గరగా ఉన్నది రెండోది.

రెండు ఆప్షన్లు మిగిలి తేలకపోతే ఒకటి పెట్టేయండి. తప్పితే పోయేది పావు మార్కు, సరైతే వచ్చేది ఒకటి. నాలుగూ అలాగే మిగిలితే మాత్రం గుండ్రం నింపకుండా తర్వాతి ప్రశ్నకు వెళ్ళండి, ఒక్కో దానికి మీ చేతిలో ఉన్నది నిమిషమే.